టమోటా క్రేటులో కంప్యూటరు

ఆ రోజుల్లో మా మదనపల్లె చుట్టుపక్కల మనిషి తెలివిని అతను బోరులోకి దించిన మోటరును బట్టి కొలిచేవాళ్ళు. కాసిని నీళ్ళు పడిన బోరుకు పక్క పొలం వాడి మీద పంతంతో పెద్ద మోటరు దించినవాడు నెల తిరక్కుండా నా అంగడికి వచ్చేవాడు, కాలిపోయిన మోటరును టెంపోలో వేసుకుని, ముఖం వేలాడేసుకుని. పెద్ద మోటరు ఉన్న నీళ్ళన్నీ ఒక్క గుక్కలో లాగేస్తుంది, ఆ తర్వాత గాలి తాగుతుంది, గాలి తాగిన మోటరు మాడి మసైపోతుంది. నిమ్మనపల్లె నుంచి రామసముద్రం దాకా ఈ పాఠం తెలియని రైతు లేడు. అయినా ఏటా ఎవరో ఒకరు ఆ తప్పు చేసేవాళ్ళు, వాళ్ళ పుణ్యమా అని నా పొయ్యి వెలిగేది. మోటర్లకు తీగ చుట్టడం, రేడియోలు బాగుచేయడం నా పని. తొమ్మిదో తరగతిలో బడి నన్ను వదిలేసింది (నేనే బడిని వదిలేశానని మా నాయన ఊరంతా చెప్పుకునేవాడు, అది ఆయన వైపు కథ). ఆ తర్వాత నేను చదివిందంతా మోటర్ల మీది రేకుబిళ్ళలు, రేడియోల వెనక అతికించిన కాగితాలు, పకోడీలు కట్టిచ్చిన పాత పుస్తకాల పేజీలు. అంత చదువు చదివినవాణ్ణి అరచేతంత సీడీ ఒకటి నలుగురిలో ఎలా నిలబెట్టిందో ఇన్నేళ్ళ తర్వాత చెప్పాలనిపించడానికి కారణం మా మనవరాలు.

మొన్న ఆ పిల్ల సొంతంగా ఒక చిన్న డెస్క్‌టాప్ కూర్చుకుంటానని సామాన్ల ధరలన్నీ చూసుకుని, దానికి కరెంటు అందించే పెట్టె దగ్గర ఆగిపోయింది. మా కాలం నుంచీ దాన్ని అందరూ ఎస్.ఎం.పి.ఎస్. అనే అంటారు. గోడలోంచి వచ్చే కరెంటును కంప్యూటరుకు పనికొచ్చేట్టుగా తగ్గించి, వడకట్టి ఇచ్చేది అదే. ఎన్ని వాట్లది కొనాలో చెప్పే కుర్రవాడొకణ్ణి నాకు ఫోనులో చూపించింది. వాడు చేతులు తిప్పుకుంటూ, "కళ్ళు మూసుకుని ఏడువందల యాభై వాట్లు తీసేసుకోండి ఫ్రెండ్స్" అంటాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. లోపల ఏమేం సామాన్లున్నాయో అడగకుండా, ఆ యంత్రంతో ఏం పని చేసుకుంటావో అడగకుండా, కళ్ళు మూసుకోమనడమేమిటి? కళ్ళు మూసుకుని మింగడానికి అదేమన్నా కషాయమా? "అట్లయితే ఎంతది తీసుకోవాల తాతా? నువ్వే చెప్పు" అంది మనవరాలు. చెప్పబోయి ఆగాను. ఎందుకంటే ఆ ప్రశ్నకు నేను ఇదివరకు ఒకసారి జవాబు చెప్పి ఉన్నాను, కళ్ళు బాగా తెరుచుకునే.

అప్పుడు నాకు ముప్పై దాటి కొన్నేళ్ళు. రేడియోలు చేయించుకునేవాళ్ళు లేకుండా పోతున్నారు. అంగట్లో నేనూ, ఒక మూగ రేడియో, దాని మీద నిద్రపోయే పిల్లీ మిగిలాం. మా మామకు, అంటే నాకు పిల్లనిచ్చినాయనకు, మదనపల్లెలో టమోటా మండీ ఉండేది. తెల్లవారుజామున క్రేట్లు దిగడం, వేలంపాట, లారీలకు ఎత్తడం, ఆయన ప్రపంచమంతా అదే. ఆయనకు ఒక కొడుకు, ఒక అల్లుడు. ఇద్దరమూ మండీ గడప తొక్కేవాళ్ళం కాదు. నాకు టమోటాల మీద ద్వేషమేమీ లేదు. కానీ మామ పాటకు నిలబడి అరిచే అరుపు విన్నప్పుడల్లా ఆ గొంతు నాకెక్కడ వారసత్వంగా వస్తుందోనని భయం వేసేది. బామ్మర్దికేమో కంప్యూటరు మీద టైపు కొట్టే అంగడి పెట్టాలని పిచ్చి. వాడు కుప్పంలో చదువుకున్నాడు, అక్కడే బస్టాండు దగ్గర ఒక మేడ మెట్ల కింద చోటు మాట్లాడుకున్నాడు. కుప్పమంటే మూడు భాషలు కలిసి ఒకే అంగట్లో టీ తాగే ఊరు. తెలుగు, తమిళం, కన్నడం మూడూ టైపు కొట్టే అంగడి అక్కడ లేదు, పెడితే తిరుగుండదని వాడి వాదం.

మామ ఒకరోజు ఇద్దర్నీ కూర్చోబెట్టుకున్నాడు. "సూడప్పా అల్లుడూ, మీ బామ్మర్ది కొంటానంటాండే ఆ కంప్యూటరు నువ్వే బిగిస్తానంటివంట కదా?"

"అవును మామా. అదంత కష్టమేం కాదు."

"నువ్వు చేసినోడివా ఎప్పుడన్నా?"

"లేదు. పుస్తకం చదివినా."

"ఈత కూడా పుస్తకం చదివే నేర్చుకుంటివా?" అని మామ కొడుకు వైపు తిరిగాడు. "సరే, వినండి ఇద్దరూ. అంగడి తెరిచే రోజు నేను కుప్పం వస్తా. నా కండ్ల ముందర నా పేరు మూడు భాషల్లో ఆ కంప్యూటరులోంచి రావాల. వస్తే మీ దోవ మీది, నేను ఇంగ నోరు తెరవను. రాకుంటే మరుసటి పొద్దు ఇద్దరూ మండీలో ఉండాల. ఒకడు లెక్క రాస్తాడు, ఒకడు పాట పాడతాడు."

ఎవడు లెక్క, ఎవడు పాట అనేది ఆయన చెప్పలేదు. బామ్మర్ది నా వైపు చూసిన చూపులో మాత్రం పాట నాకే వదిలేసినట్టు స్పష్టంగా ఉంది.

మెట్ల కింద చోటు చిన్నది కాబట్టి కంప్యూటరు పెట్టె కూడా చిన్నదే కావాలి. బెంగుళూరులో ఒక ఇరుకు సందులో, తల మీద వైర్ల తోరణాలు వేలాడే అంగట్లో, బుజ్జి క్యాబినెట్ ఒకటి దొరికింది. దానికి ఎంత ఎస్.ఎం.పి.ఎస్. వేయాలన్నది ప్రశ్న. నేను అప్పటికే ఇంట్లో కూర్చుని లెక్క కట్టుకుని వెళ్ళాను. ప్రాసెసరుకు ఇంత, బోర్డుకు ఇంత, డిస్కుకు ఇంత, సీడీ పెట్టుకునే దానికి ఇంత అని కూడితే ఎనభై చిల్లర వాట్లు తేలింది (మొదట టీవీలాంటి తెరను కూడా కలిపాను, తర్వాత దానికి వేరే ప్లగ్గు ఉంటుందని గుర్తొచ్చి తీసేశాను, దీన్ని ఎవరికీ చెప్పలేదు). ఆ క్యాబినెట్లో పట్టేవి రెండు ఉన్నాయి. ఒకటి వంద వాట్లది, ఒకటి రెండువందల యాభైది. అంగడతను తెలుగు బాగానే మాట్లాడాడు. "రెండొందల యాభై వేసుకోండి సార్, తలనొప్పి ఉండదు" అన్నాడు.

"నీకు ఉండదు. ఇంత చిన్న కంప్యూటరులోకి అంత కరెంటు తోస్తే నాది కాలిపోదా?"

"కాలదు సార్."

"యాల కాలదు?"

అతను తల గోక్కున్నాడు. "అందరూ అదే వేస్తారు సార్."

అందరూ వేస్తారనేది కారణమా! అందరూ పెద్ద మోటర్లే దించుతారు, అందరివీ కాలుతాయి, నా బతుకే అది. కారణం చెప్పలేనివాడు చెప్పే మాట వినకూడదని నా సిద్ధాంతం (ఇప్పటికీ అదే, కాకపోతే అలాంటివాడు కూడా అప్పుడప్పుడు ఒప్పు చెబుతాడని తెలిసింది). ఎనభై చిల్లరకు వంద, ఇంకా పదో పదిహేనో మిగులు. కొలిచి కుట్టిన చొక్కాలాగా ఉందని మురిసిపోయి, వంద వాట్లదే తెచ్చుకున్నాను. బోరుకు తగిన మోటరు.

మదనపల్లెలో ఇంటి వసారాలో బిగించి మీట నొక్కితే, దేవుడి దయ, తెర వెలిగింది. మా ఆవిడ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఏమయ్యా, ఇది ఏం చేస్తాది?" అంది. "ఏం చెప్తే అది చేస్తాది" అన్నాను. "అయితే ఈ ఇంట్లో చెప్పింది చేసేది ఇదొక్కటే" అని వెళ్ళిపోయింది. దాన్ని ఆపి, వెలిగించి, మళ్ళీ ఆపి, వెలిగించి చూశాను. ఒక్క సీడీ మాత్రం పెట్టి చూడలేదు. ఇంట్లో సీడీ అనేదే లేదు. మూడు భాషల అక్షరాలున్న సీడీ కుప్పంలో బామ్మర్ది దగ్గరుంది.

అంగడి తెరిచే రోజు పొద్దున్నే మొదటి బస్సెక్కాను, కంప్యూటరును దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని. కండక్టరు, "ఏమప్పా, కోళ్ళా?" అన్నాడు. "కంప్యూటరు" అన్నాను. బస్సంతా ఒకసారి వెనక్కి తిరిగింది. పుంగనూరులో బస్సు ఆగితే భాయ్ టీ తెచ్చి కిటికీలోంచి ఇచ్చాడు. భాయ్ అంటే నా పాత స్నేహితుడు, పెళ్ళిళ్ళకు మైకుసెట్టూ సీరియల్ లైట్లూ జనరేటరూ బాడుగకిచ్చే మనిషి. "ఇదేనా నీ కంప్యూటరు? ఇంత పొట్టిగుండాదే! మా పుంగనూరు ఆవు మాదిరి" అని నవ్వాడు. మా పుంగనూరు ఆవులు నడుమెత్తు కూడా ఉండవు, కానీ వాటి పాల గురించి భాయ్ మొదలుపెడితే బస్సు కదిలిపోతుంది. కదిలిపోయింది కూడా, గ్లాసు నా చేతిలోనే ఉండగా.

కుప్పంలో మెట్ల కింద అంతా సిద్ధంగా ఉంది. గుమ్మానికి మామిడాకులు, గుమ్మం అవతల మామ. ఆయన ఎక్కడికి వెళ్ళినా ఒక క్రేటు టమోటాలు వెంట తీసుకుపోతాడు, పెళ్ళికైనా, పరామర్శకైనా. ఆ రోజూ ప్లాస్టిక్ క్రేటు నిండా తెచ్చి పక్కన పెట్టుకుని, బెంచీ మీద కూర్చున్నాడు. పక్కంగడి తమిళ టైలరు, ఎదురు టీ అంగడాయన, దారిన పోయే మరికొందరు గుమిగూడారు. కొబ్బరికాయ కొట్టాం. మీట నొక్కాను. తెర వెలిగింది. చప్పట్లు కొట్టారు. నేను మామ వైపు చూడకుండా చూశాను.

"బాగుండాది. ఇంగ నా పేరు కొట్టు" అన్నాడు మామ.

"ముందు అక్షరాలు ఎక్కియ్యాల నాయనా, ఈ సీడీలో ఉండాయి" అని బామ్మర్ది సీడీ పెట్టి దాని అర లోపలికి తోశాడు. లోపల సీడీ గుర్రుమని తిరగడం మొదలైంది. అంతే. తెర నల్లబడింది. ఒక క్షణం ఆగి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ మొదటి నుంచి వెలగడం మొదలుపెట్టింది. సీడీ తీసేస్తే కంప్యూటరు చక్కగా ఉంది. పెడితే గుర్రు, నలుపు. ఇంకోసారి పెట్టాం, అదే గుర్రు, అదే నలుపు. బామ్మర్ది ముఖం కూడా దాంతోపాటే వెలుగుతూ ఆరుతూ ఉంది.

సలహాలకు కరువు లేదు. టీ అంగడాయన కుప్పంలో కరెంటు పల్చన అన్నాడు. టైలరు గుమ్మానికి కట్టిన నిమ్మకాయ ఎడమ వైపుకు మార్చమన్నాడు. ఎవరో వెనక నుంచి, "మూడు భాషలు ఒకేసారి తినిపిస్తే ఎవురికైనా అరగదప్పా" అన్నారు. మామ మాత్రం ఏమీ కోపపడలేదు. కోపపడి ఉంటే నాకు సులువయ్యేది. "తిండి నోట్లో పెట్టంగానే మూర్ఛపోయే బిడ్డ మాదిరి ఉండాది పాపం" అని జాలిపడి, తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "నేను సాయంత్రం ఆఖరు బస్సుకు పోతా. అందాక ఈడనే కూచుంటా. ఏమప్పా అల్లుడూ, నీ గొంతు ఎట్లుండాది? బాగుండాదా?"

పాట నాదేనని అప్పుడు తేలిపోయింది.

కరెంటును నా మీటరుతో కొలిచి చూశాను, పల్చన ఏమీ లేదు. మిగిలింది నేను తెచ్చిన ఎస్.ఎం.పి.ఎస్. ఒక్కటే. అది చెడ్డదేమో, ఇంకొకటి పెట్టి చూడాలి. కుప్పంలో ఆ రోజుల్లో అది అమ్మే అంగడి లేదు. బామ్మర్ది గొంతు తగ్గించి, "బావా, పుంగనూరు భాయ్ కాడ ఒకటి ఉండాది కదా, కారు టేపురికార్డరు పాడించేదానికి పెట్టుకున్నాడే" అన్నాడు. నిజమే, భాయ్ ఎవరిదో చెడిపోయిన కంప్యూటరులోంచి తీసిన ఎస్.ఎం.పి.ఎస్.తో తన అంగట్లో పాటలు వింటాడు. "అది మూడొందల వాట్లదిరా! ఏనుగు! ఈ బుజ్జిదాన్ని తొక్కేస్తాది" అన్నాను. వాడు మామ పక్కనున్న క్రేటు వైపు ఒకసారి చూశాడంతే. నా ఎస్.ఎం.పి.ఎస్.ను ఊడదీసి సంచిలో వేసుకుని పుంగనూరు బస్సెక్కాను. దారి పొడుగునా, పలమనేరు దాటేదాకా, ఒకటే ఆలోచన. లెక్క సరిపోయింది. కూడిక తప్పలేదు. వంద వాట్లుండగా ఎనభై వాట్ల కంప్యూటరు ఎందుకు కూలబడింది?

నేను వెళ్ళేసరికి పుంగనూరులో కరెంటు కోత. భాయ్ ఇంటి ముందు రాత్రి పెళ్ళికి వెళ్ళాల్సిన జనరేటరు దడదడలాడుతోంది, దాని మీద లైట్ల తోరణం ఒకటి వెలిగించి చూసుకుంటున్నాడు. నేను కథంతా చెబుతున్నాను, ఆయన నవ్వుతున్నాడు. ఇంతలో ఇంట్లో అదే జనరేటరు మీద గ్రైండరు తిరగడం మొదలైంది. జనరేటరు 'హూఁ' అని మూలిగింది, తోరణం మొత్తం ఎర్రగా వాడిపోయి, క్షణంలో మళ్ళీ తేరుకుంది.

"లైట్లు వేసినాక గ్రైండరు వెయ్యొద్దు, ముందే వేసుకో అంటే వినవు కదా!" అని భాయ్ లోపలికి అరిచాడు.

"మీరు లైట్లు తినండి మధ్యాన్నం, నేను రుబ్బను పో" అని లోపలి నుంచి ఆయన భార్య, మా భాభీ జవాబు.

నేను కథ మధ్యలో ఆగిపోయాను. నా ముఖం చూసి భాయ్, "ఏందన్నా, పామేమన్నా కనబడిందా?" అన్నాడు. కనబడింది పాము కాదు, మోటరు. మోటరు తిరుగుతున్నప్పుడు తీసుకునే కరెంటు వేరు, కదిలే క్షణంలో లాగే కరెంటు వేరు. కదిలేటప్పుడు దానికి ఎన్నో రెట్లు కావాలి. ఈ మాట నేను ఎందరు రైతులకు చెప్పానో! స్టార్టరు లేకుండా మోటరు వేస్తే ఫ్యూజు పోతుందప్పా అని అరిచి అరిచి నా గొంతే పోయింది. అలాంటి నేను కంప్యూటరంటే ఏదో కొత్త దేవత అనుకున్నాను కానీ, దాని కడుపులో సీడీని తిప్పేది కూడా ఒక చిన్న మోటరేనని, డిస్కును తిప్పేదీ మోటరేనని, జన్మంతా మోటర్లకు తీగ చుట్టినవాణ్ణి ఒక్కసారి కూడా అనుకోలేదు. సంచిలోంచి నా ఎస్.ఎం.పి.ఎస్. తీసి, దాని మీద చీటీని అప్పుడు చదివాను, వెలుతురులోకి తిప్పి. మొత్తం వంద వాట్లే, అబద్ధం లేదు. కానీ ఆ వందనూ అది వేరు వేరు తీగలకు పంచి ఇస్తుంది. మోటర్లు తిప్పే పన్నెండు వోల్టుల పసుప్పచ్చ తీగ వాటాకు వచ్చింది మరీ కొంచెం. మొత్తం కూడుకున్నాను కానీ ఎవడి వాటా ఎంతో చూడలేదు.

జబ్బు తెలిసింది. మందంటే భయం పోలేదు. భాయ్ తన పాటలు మానుకుని, టేపురికార్డరు నుంచి ఆ మూడువందల ఏనుగును విప్పి నా చేతిలో పెట్టాడు. దాన్ని పట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడిపోయాను. ఇది ఆ బుజ్జిదానిలోకి మూడువందల వాట్లు తోసేస్తే? కాలిపోతే బాగుచేయడానికి కూడా ఏమీ మిగలదు, మండీ ఒక్కటే మిగులుతుంది. ఎదురుగా భాయ్ ఆవు మేత తింటోంది. పొట్టి ఆవు. దాని ముందు తొట్టికి బదులు బావికి వేసే పెద్ద సిమెంటు ఒర ఒకటి పెట్టారు. అందులోకి మెడ చాపితే ఆవు సగం మాయమైపోతోంది. ఒర నిండా పచ్చిగడ్డి.

"భాభీ, ఇంత చిన్న ఆవుకు అంత తొట్టి యాలమ్మా? అంతా తినేసి కడుపుబ్బరం తెచ్చుకోదా?" అన్నాను, నిజానికి ఆవును గురించి కాదు.

భాభీ పిండి చేతులతోనే బయటికొచ్చి నన్ను వింతగా చూసింది. "తొట్టి పెద్దదైతే దాని కడుపు పెద్దదైతాదా అన్నా? దానికెంత కావాల్నో అంత తింటాది, మిగిలింది తొట్టిలో ఉంటాది. చిన్న తొట్టి పెడితేనే తంటా, ఆకలైనప్పుడు తన్ని బోర్లేస్తాది."

నేను చాలాసేపు ఆవునే చూశాను (భాయ్ తర్వాత అందరికీ చెప్పాడు, నేను ఆవుకు దండం పెట్టానని, అది అబద్ధం, చెమట తుడుచుకున్నాను). అది తన పాటికి తాను తింటోంది. గడ్డి వెళ్ళి దాని నోట్లో దూరడం లేదు. ఇదే ఉన్నట్టుండి నా బోరు లెక్కను తలకిందులు చేసింది. నేను ఎస్.ఎం.పి.ఎస్.ను మోటరనుకున్నాను. అది మోటరు కాదు, బోరు! లాగేది కంప్యూటరు, ఇచ్చేది ఈ పెట్టె. దీని మీద రాసిన వాట్లు ఇది తోసేవి కావు, అడిగితే ఇవ్వగలిగినవి. పొట్టి మోటరుకు పెద్ద బోరు దొరికితే ఏ రైతయినా ఏడుస్తాడా? నేను చేసింది అచ్చంగా మా రైతులు చేసే పనే, నీళ్ళు చాలని బోరు మీద మోటరు దించాను. మూడు మండలాలకు బుద్ధి చెప్పినవాణ్ణి, ఏది బోరో ఏది మోటరో తెలుసుకోవడానికి పుంగనూరు ఆవు దగ్గరకు రావలసి వచ్చింది. బెంగుళూరు అంగడతను గుర్తొచ్చాడు. ఆ మాట అతనే ఒక్క ముక్క చెప్పి ఉంటే ఎంత బాగుండేది! తొట్టి అని ఒక్క మాట!

నేను కుప్పం చేరేసరికి ఎండ వాలిపోయింది. మామ బెంచీ మీదే ఉన్నాడు, టైలరుతో టమోటా ధరలు మాట్లాడుతూ. మిగతావాళ్ళు టీ అంగట్లోంచి చూస్తున్నారు. ఏనుగును బయటికి తీశాను. అప్పుడు తెలిసింది, అది ఆ బుజ్జి క్యాబినెట్లో పట్టదు. అటు తిప్పినా ఇటు తిప్పినా పట్టదు. బయట పెట్టి తగిలిద్దామంటే తీగలు జానెడు. పక్కపక్కనే ఆనించి ఎత్తుగా నిలబెడితే తప్ప అందవు, నిలబెడితే ఏనుగు పక్కకి ఒరిగిపోతుంది. బామ్మర్ది ఒక చేత్తో కంప్యూటరును, ఇంకో చేత్తో ఎస్.ఎం.పి.ఎస్.ను పట్టుకుని, "ఇట్లనే పట్టుకోనుంటా బావా, నువ్వు టైపు కొట్టు" అన్నాడు. "అంగడి నడిపినన్నాళ్ళూ ఇట్లనే పట్టుకోనుంటావా రా?" అన్నాను.

మామ లేచాడు. తన తువ్వాలు నేల మీద పరిచి, క్రేటు ఎత్తి టమోటాలన్నీ దాని మీద కుమ్మరించాడు. ఖాళీ క్రేటును బల్ల మీద పెట్టి, "దీంట్లో పెట్టు రెండూ. అన్ని పక్కలా సందులుండాయి, గాలి ఆడతాది. టమోటానే కుళ్ళదు, నీ కంప్యూటరుకేమి?" అన్నాడు.

పెట్టాం. కొలత తీసినట్టు సరిపోయింది. తీగలు క్రేటు సందుల్లోంచి బయటికి లాగాం. ఆవును తలచుకుని మీట నొక్కాను. తెర వెలిగింది, పొగ రాలేదు. బామ్మర్ది సీడీ పెట్టాడు. గుర్రుమంది. గుర్రు కాస్తా సన్నని ఈలగా మారి తిరుగుతూనే ఉంది. తెర తెరలాగే ఉంది.

తెలుగులో మామ పేరు కొట్టినప్పుడు ఆయన వేలితో అక్షరం అక్షరం తాకి చదువుకున్నాడు. తమిళంలో వచ్చినప్పుడు, "ఇది నేనేనా?" అని టైలరును అడిగాడు. టైలరు చదివి చెప్పాడు, మీరేనని. కన్నడంలో వచ్చింది. "ఇదీ నేనేనా?" అన్నాడు, ఈసారి గొంతు తగ్గించి. టీ అంగడాయన అవునన్నాడు. మామ కాసేపు తెర ముందే నిలబడ్డాడు. నాకు తెలిసి ఆయన తనను తాను అంతసేపు ఎప్పుడూ చూసుకోలేదు, అద్దంలో కూడా. తర్వాత తేరుకుని, "సరే, మీ దోవ మీదే. అయినా సూడప్పా అల్లుడూ, మండీకి రానంటివి, మండీ పెట్టె ల్యాకుండా నీ కంప్యూటరు నిలబడలా" అని, ఒక టమోటా తుడిచి కొరుక్కుంటూ ఆఖరు బస్సుకు వెళ్ళిపోయాడు.

భాయ్ అంగట్లో చాన్నాళ్ళు పాటల్లేవు. ఎవరడిగినా, "నా పాటలు కుప్పంలో టైపు కొడతాండాయి" అనేవాడట. బెంగుళూరు వెళ్ళి ఆ రెండువందల యాభైది తెచ్చి భాయ్‌ది భాయ్‌కి ఇచ్చేదాకా అంతే. అంగడతనికి ఆవూ, తొట్టీ, బోరూ అన్నీ వివరించాను. ఓపిగ్గా విని, "అందుకే సార్, అందరూ అదే వేస్తారు" అన్నాడు. కొత్తది క్యాబినెట్లో సరిగ్గా పట్టింది, కానీ బామ్మర్ది క్రేటు తీయలేదు. జనం దాన్ని చూడ్డానికే వస్తున్నారని వాడి లెక్క. ఆ తర్వాత మూడు ఊళ్ళలో ఎందరికో కంప్యూటర్లు బిగించాను. ఒక్కరూ నన్ను కంప్యూటరాయన అని పిలవలేదు. మదనపల్లెలోనూ, పుంగనూరులోనూ, కుప్పంలోనూ నేను క్రేటప్పనే. మొదట్లో మండిపడేవాణ్ణి. ఇప్పుడు ఆ పేరుతో పిలిచేవాళ్ళు తగ్గిపోతున్నారని మండిపడుతున్నాను.

ఇదంతా చెప్పి మనవరాలిని అడిగాను, "సరేమ్మా, నీ దాంట్లో తిరిగేవి ఏమేముండాయి?" అని.

"ఏమీ తిరగవు తాతా. సీడీ లేదు. డిస్కు కూడా ఇప్పుడు చిప్పే. ఒక్క ఫ్యాను తిరుగుతాది."

నేను కొంచెం తగ్గాను. అయినా ఇద్దరం కూర్చుని లెక్క కట్టాం. అది బాగా కష్టపడేటప్పుడు ఎంత లాగుతుంది, అందులో పన్నెండు వోల్టుల వాటా ఎంత, పైన ఊపిరి పీల్చుకునేందుకు ఎంత మిగలాలి, ఈ బుజ్జి పెట్టెలో పట్టేది ఏది. ఆ ఫోను కుర్రాడి ఏడువందల యాభైకి సగం కూడా అవసరం పడలేదు. మనవరాలికి అనుమానం తీరలేదు. "మరీ పెద్దది వేస్తే కాలదంటివి కదా తాతా. మరి పెద్దదే వేస్తే ఏమి?" "కాలదు. కానీ పుంగనూరు ఆవుకు ఎవరన్నా చెరువంత తొట్టి కట్టిస్తారా? చోటు దండగ కాదూ?" అన్నాను. నవ్వింది. సామాన్లు వచ్చాయి, తనే బిగించుకుంది, నన్ను స్క్రూలు కూడా పట్టుకోనివ్వలేదు. మీట నొక్కబోతూ, "తాతా, సూడు" అంది.

నొక్కింది. చప్పుడు లేదు, గుర్రు లేదు, మూలుగు లేదు. తెర మీద రంగులు వచ్చేశాయి.

"యాడ సూస్తాండావు తాతా? కంప్యూటరు ఈడ ఉండాది" అంది మనవరాలు.

నేను పైకప్పు కింది ట్యూబులైటు వైపు చూస్తున్నాను. అది అలాగే, నిండుగా, కదలకుండా వెలుగుతోంది. ఒక్కసారి, భాయ్ తోరణంలాగా రవ్వంత వాడినా బాగుండేదనిపించింది.